నూట పన్నెండో నంబరు

రాజోలులో, ఎరువుల కొట్టు మీది గదిలో
గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి
దాన్నే స్టూడియో అంటున్నాను నేను.
కింద యూరియా బస్తా దించినప్పుడల్లా
నా మైకు ఉలిక్కిపడుతుంది.

శీలం సత్యవేదమ్మ గారు మెట్లెక్కి వచ్చి
సంచిలోంచి క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టారు.
తొంభై నాలుగులో పాడిందట.
"గొంతంటావా, ఉన్నంతలో మళ్ళీ పాడతాను.
వెనకాల సన్నాయి మాత్రం అదే కావాలి, ఆయ్."

అది సన్నాయి కాదండి, అన్నాను.
ఏలియా మాస్టారి మిడి పెట్టె.
రెండు వేళ్ళ వెడల్పు తెర,
లోపల నూట ఇరవై ఎనిమిది వాయిద్యాలు
ఆవగింజంత జ్ఞాపకంలో కాళ్ళు ముడుచుకుని.
నర్సాపురం రేవు దాటేటప్పుడు
పంటు మీద ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు కప్పితే
పసిబిడ్డ అనుకుని ఎవరో జరిగి చోటిచ్చారట.
"అదేదైతే నాకెందుకు," అన్నారావిడ,
"నాకు ఏడుపొచ్చేది దానికే."

నా దగ్గర ఇప్పుడు అసలు సన్నాయిలున్నాయి.
అరవై జీబీ.
ఎవరో మహానుభావుడు పెద్ద హాల్లో కూర్చుని
ఒక్కో స్వరాన్నీ పద్నాలుగు సార్లు ఊదాడు,
మెల్లగా, గట్టిగా, ఊపిరి అందీ అందక.
పీక తడిసిన చప్పుడు కూడా వినిపిస్తుంది.
మీట నొక్కాను. గది నిండా నిజం.
క్యాసెట్టు పక్కన పెట్టి చూస్తే
పేటలో పెళ్ళికొచ్చిన కలెక్టరులా ఉంది,
ఎవరితోనూ కలవదు.

ఇక తీసెయ్యడం మొదలుపెట్టాను.
ముందు హాలు. తర్వాత ఊపిరి.
పద్నాలుగు ఊదుళ్ళలో పదమూడు.
పైన మెరిసే పొరని, వేరుశనగ పొట్టు ఊదినట్టు.
ముప్పావు సెకను ముక్క కోసి
తోకని తలకి కుట్టాను.
కుట్టు దగ్గర చిన్న టిక్కు.
సరిచెయ్యబోయి, మళ్ళీ విని, ఉంచేశాను.
ఆ పెట్టె కూడా అక్కడే టిక్కుమనేది.
దర్జీ కూతుర్ని,
కొత్త గుడ్డకి పాత చిరుగు వెయ్యడం
ఇదే మొదటిసారి.

పెట్టె ఇప్పటికీ ఉంది, మలికిపురంలో,
మాస్టారి అల్లుడి బీరువా మీద.
ఉప్పుగాలికి లోపలి బిళ్ళ బ్యాటరీ పొంగి కారిపోయింది.
ఆయన అల్లుకున్న స్వరాలన్నీ దాంతోపాటే.
కంపెనీ పెట్టిచ్చినవి మాత్రం
చెక్కుచెదరలేదు.
మిగిలింది ఒక రూళ్ళ పుస్తకం.
అందులో పాల పద్దు పక్కన, పెన్సిలుతో:
"112 మీద 49, సన్నగా. బెండు బొటనవేలితో."

112 మీద 49 వేశాను, సన్నగా.
దగ్గరికొచ్చింది.
రేవు కనబడుతోంది, పంటు ఇంకా ఆనలేదు.

క్యాసెట్టులో ప్రతి జారుడూ
పై స్వరాన్ని అందుకోబోయి
వెంట్రుకవాసి కింద ఆగిపోతోంది.
టేపు సాగిందనుకున్నాను.
వేరే డెక్కులో వేశాను, అక్కడా అంతే.
సాగితే ఆవిడ గొంతు కూడా జారాలి కదా,
అది తాటిచెట్టులా నిలబడే ఉంది.

అల్లుడికి ఫోను చేశాను.
మాస్టారి వేలికేమైనా,
అని నసిగాను.
"ఎడం బొటనవేలండి, సగం లేదు.
పీచు మిల్లులో పోయింది,
ఈ వాయింపుడు మొదలెట్టక ముందే."

సగం వేలు చక్రాన్ని ఎంతదాకా తోస్తుంది?
మౌసుతో వంపు గీశాను.
మరీ చక్కగా వచ్చింది, చెరిపేశాను.
రాత్రి కరెంటు పోయి వచ్చాక
నాన్న మిషను సొరుగులో అంగుస్తానా తీసి
బొటనవేలికి తొడిగి
కణుపు వంగకుండా దారం బిగించి
తోశాను.

సత్యవేదమ్మ గారు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు,
జడ కొప్పు నలుగుతుందని విసుక్కుంటూనే.
ఏడవలేదు.
ఫ్యాను ఆపమన్నారు.
"బస్తాలు దిగేలోపు కానివ్వు."

పాడారు.
రెండో చరణంలో, పై షడ్జం దగ్గర
ఆవిడకి అందలేదు.
సన్నాయి ఆగిన చోటే ఆగారు,
వెంట్రుకవాసి కింద.
అప్పుడే కింద ధబ్బుమని యూరియా బస్తా.
అదీ పడింది రికార్డులో.

ఇంకోసారి పాడతానని ఆవిడ అనలేదు.
నేనూ అడగలేదు.